ఇంక్రిమెంటు లేని ప్రేరణ

(పెన్షనర్ల దినోత్సవ సభ, వెంకటగిరికోట)



ప్రేరణ రంగాన్ని బట్టి మారుతుంది. ఉద్యోగికి ఇంక్రిమెంటు, ప్రమోషను. మన పట్టు రైతు నెల రోజుల పాటు వేళ తప్పకుండా పురుగులకు మల్బరీ ఆకు వేస్తాడు. గూళ్ళ ధర మార్కెట్టుకు వెళ్ళేదాకా తెలియదు. అతనికి ఆశే ప్రేరణ.

మరి మనకు? డి.ఎస్. నకారా గారు 1972లో రిటైరయ్యారు. 1979 మార్చి 31కి ముందు రిటైరైన కేంద్ర ఉద్యోగులకు మెరుగైన పెన్షను సూత్రం వర్తించదన్నందుకు సుప్రీంకోర్టుకెక్కారు. 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది: పెన్షను దయాభిక్ష కాదు, హక్కు. ఆయనతోపాటు ఎందరికో మేలు జరిగింది.

మనకిక ప్రమోషన్లు లేవు. తోటి పెన్షనరు కన్నుమూస్తే, ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షను కాగితాలు దగ్గరుండి నింపిపెడదాం. ఈ వయసులో మనల్ని నడిపించే ప్రేరణ అదే.