ఇంటికి వచ్చిన వ్యాధి – పిల్లల భారము



ఇంటిలో ఒకరికి క్యాన్సరు ఉన్నదని వైద్యులు తేల్చిననాడు, వారు చెప్పిన మాటలలో సగము చెవికెక్కవు. పరభాషలో చెప్పినచో మిగిలిన సగమును సందేహమే. అందుచే ఈ చెన్నపట్నమున తమిళము నేర్చిన పిల్లలనే దుబాసీలుగా ఆసుపత్రికి తోడ్కొనిపోవు కుటుంబములు కలవు. ఇది తగదని మా విన్నపము. తల్లి వ్యాధిని తల్లికి తెలియజెప్పు భారము పసివారిపై పడరాదు. భాష తెలిసిన పెద్దవారొకరు వెంట నుండవలెను. వ్యాధి ఏ అవయవమున పుట్టినది, ఎంతవరకు వ్యాపించినది, చికిత్స యేమి, ఎన్నాళ్లు అను ప్రశ్నలను ముందే తెలుగున వ్రాసికొనవలెను. బయాప్సీ నివేదికను భద్రపరచుకొనవలెను.

అట్లని పిల్లలకు దాచనూ రాదు. ఇది అంటువ్యాధి కాదనియు, వారి అల్లరివలన వచ్చినది కాదనియు, తమ చదువు సాగుననియు వారికి చెప్పవలెను. ఉపాధ్యాయులకును తెలుపవలెను; మేము తోడుందుము.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి గారి కృషిచే 1954లో అడయారున వెలసిన క్యాన్సరు ఆసుపత్రి 12 పడకలతో ఆరంభమైనది. నేడు చికిత్సామార్గములు ఎన్నియో పెరిగినవి. భయమును పెద్దలము పంచుకొందము. చికిత్సకు మాత్రము జాగు చేయరాదు.