ఒత్తిడిలో పలచబడే రాతిరసం



1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో వచ్చిన భూకంపం సుమారు పది వేల మందిని బలి తీసుకుంది. సోలాపూరులోనూ, బీదరు, కలబురగి ప్రాంతాల్లోనూ ఉన్న మన తెలుగువారి ఇళ్ళు కూడా ఆ వేళ కదిలాయి. అక్కడి నేలంతా నల్లరాయి. ఒకప్పుడు భూమి పగుళ్ళలోంచి పొంగి గడ్డకట్టిన రాయి అది. కనుకనే అటువైపు భూమి ఏమాత్రం అదిరినా ఒక ప్రశ్న వినబడుతుంది. "కింద మళ్ళీ లావా మరుగుతోందా?" అని. దీనికి సరైన జవాబు కావాలంటే, కరిగిన రాయి ఒత్తిడి కింద ఎలా నడుచుకుంటుందో తెలియాలి. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతే మనవి చేస్తాను.

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. భూమి పైపెంకు కింద ఉన్నదంతా మరిగే ద్రవమేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది దాదాపు అంతా గట్టి రాయే. అక్కడ వేడి లేక కాదు. అంత వేడి నేల మీద తగిలితే ఆ రాయి కరుగుతుంది. కాని లోపల, మీదనున్న రాతి బరువు దాన్ని కరగనివ్వదు. మీ వంటింట్లోని ప్రెషర్ కుక్కరునే చూడండి. మూత బిగించిన కుక్కరులో నీళ్ళు నూరు డిగ్రీలకు మరగవు, ఇంకా వేడెక్కాలి. అలాగే ఒత్తిడి పెరిగినకొద్దీ రాయి కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. అడుగునున్న వేడి రాయి నెమ్మదిగా పైకి జరిగి, మీది బరువు తగ్గినప్పుడు అందులో కొంత భాగం కరుగుతుంది. అదే శిలాద్రవం. నేల మీదికి వస్తే దాన్నే లావా అంటాం.

ఇక ఈ ద్రవం చిక్కదనం మాట. శాస్త్ర భాషలో దీన్ని స్నిగ్ధత అంటారు. నీళ్ళు జారినట్టు ఆముదం జారదు, ఆముదం జారినట్టు ముదురుపాకం జారదు. రాతిరసాల్లోనూ ఇలాంటి తేడాలే ఉన్నాయి. దీనికి కారణం వాటి లోపలి కట్టుబడి. రాతిరసంలో ఒక్కొక్క సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఒక ఆక్సిజన్ ఇటొక సిలికాన్‌ను, అటొక సిలికాన్‌ను పట్టుకుని వంతెనలాగా నిలుస్తుంది. సిలికా ఎక్కువగా ఉన్న రసంలో ఈ వంతెనలు ఎక్కువ. అందుకే అది బంకలాగా సాగుతుంది, కదలదు. మన నల్లరాయి, అంటే బసాల్ట్, రసంగా ఉన్నప్పుడు వంతెనలు తక్కువ. అది తేనెలాగానో, అంతకన్నా కొంచెం చిక్కగానో పారుతుంది.

మరి ఈ రసాన్ని గట్టిగా నొక్కితే ఏమవుతుంది? ఇంకా చిక్కబడుతుందనే ఎవరైనా అంటారు. నూనెల్లో జరిగేది అదే. కాని 1976లో జపాన్ శాస్త్రవేత్త ఇకువో కుషిరో ప్రచురించిన ప్రయోగఫలితాలు వేరే సంగతి చెప్పాయి. సోడియం, అల్యూమినియం, సిలికా కలిసిన ఒక రసాన్ని ఆయన 1,350 డిగ్రీల వేడిలో, వాయుమండలపు ఒత్తిడికి సుమారు 24 వేల రెట్ల ఒత్తిడిలో పరీక్షించారు. దాదాపు 75 కిలోమీటర్ల లోతున ఉండే ఒత్తిడి అది. అక్కడ రసం చిక్కదనం పెరగలేదు సరికదా, సుమారు పదో వంతుకు పడిపోయింది. బసాల్ట్ రసంలోనూ తగ్గుదల కనిపించింది. కొలిచిన పద్ధతి చాలా సులువైనది. బాగా నొక్కిపెట్టిన రసంలో బరువైన ఒక చిన్న గోళాన్ని మునగనిస్తారు. అది ఎంతసేపట్లో ఎంత దూరం దిగిందో చూసి చిక్కదనం లెక్కకడతారు. తర్వాతి కాలంలో శక్తివంతమైన ఎక్స్ కిరణాల సాయంతో గోళం మునుగుతూ ఉండగానే చూడగలిగారు.

నొక్కితే పలచబడటం ఏమిటి? రథోత్సవంలో జనాన్ని ఊహించుకోండి. నలుగురూ చేతులు బిగించి పట్టుకుని, మధ్యలో ఖాళీ వదిలి నిలబడ్డారు. ఎవరూ పట్టు విడవరు, గుంపు కదలదు. ఇప్పుడు చుట్టూ ఒత్తిడి పెరిగింది. చేతులు మడతపడ్డాయి, ఖాళీ తగ్గింది. పక్క గుంపులోని మనిషి చేయి కూడా అందుబాటులోకి వచ్చింది. పాత చేయి వదిలి కొత్త చేయి అందుకుంటూ జరగడం ఇప్పుడు తేలిక. రాతిరసంలో జరిగేదీ ఇలాంటిదే. వంతెనలు వంగుతాయి, బంధాల పట్టు సడలుతుంది. కొన్ని పరమాణువులకు నాలుగు బదులు ఐదుగురు పొరుగువారు దొరుకుతారు. బంధాలు మారడం సులువై రసం పారుతుంది.

అయితే దీనికి ఒక హద్దుంది. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల లోతు దాటాక ఖాళీలు మూసుకుపోతాయి. అక్కడినుంచి నొక్కినకొద్దీ రసం చిక్కబడుతుంది. మొదటినుంచీ వంతెనలు బాగా తక్కువగా ఉన్న రసాలైతే కొద్ది ఒత్తిడికే చిక్కబడతాయి.

ఒత్తిడి చేసే మేలు ఇంకొకటి ఉంది. అది నీటి ఆవిరిని రసంలోనే కరిగించి ఉంచుతుంది. ఆ నీరు వంతెనలను తెంపి రసాన్ని పలచన చేస్తుంది. రసం పైకి వచ్చేసరికి, గోలీసోడా కొట్టినప్పటిలాగా ఆవిరి బుడగలై బయటపడుతుంది. మిగిలిన రసం బిగుసుకుంటుంది. చిక్కని రసంలో బుడగలు తప్పించుకోలేక పేలుతాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అలాగే పేలింది. పలచని బసాల్ట్‌లో బుడగలు తేలికగా బయటపడతాయి కనుక అది ఎక్కువగా పారుతుంది.

అలా పారినదే మన దక్కను నల్లరాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట అది పొరమీద పొరగా పరచుకుంది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలింది. యానాం శ్రోతలకు మరో సంగతి. గోదావరికి ఎగువన రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి రాతి గనుల్లో ఉన్న నల్లరాయి కూడా ఆ పడమటి లావాయేనని, పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇంత దూరం పారడం ఒత్తిడి మహిమ కాదు. పైన గడ్డకట్టిన పెచ్చు దుప్పటిలాగా వేడిని కాపాడటం, వెనకనుంచి రసం తెరిపి లేకుండా రావడం దానికి కారణాలు. రసాన్ని లోతుల్లోంచి పైకి రానిచ్చిన పలచదనంలో మాత్రం ఒత్తిడికీ పాలుంది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. దక్కనులో ఆ పొంగు ఆగి ఆరు కోట్ల ఏళ్ళు దాటింది. నేడు మన దేశంలో నిప్పు కక్కే అగ్నిపర్వతం అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం. కిల్లారిలో జరిగింది లావా పొంగడం కాదు, లోపలి పాత రాయి ఒక పగులు వెంట జారడం. అక్కడ ప్రాణాలు తీసినవి చాలావరకు మట్టితో కట్టిన బరువైన రాతిగోడలు, మట్టి మిద్దెలు. ఆ రాయి మన పొలాల్లో నల్లరేగడియై ప్రత్తి పండిస్తోంది. దానికి భయపడనక్కరలేదు. ఇల్లు కట్టేటప్పుడు గోడకు గోడ పట్టి ఉండేలా, మూలలు కలిసేలా కట్టుకుంటే చాలా ప్రాణాలు దక్కుతాయి.