కంట్రోల్ ఎస్ కొడితే టెర్మినల్ ఎందుకు ఆగిపోతది?

కోదాడ నుంచి సూర్యాపేటకు బస్సులో పోతూ ఫోన్‌లో టెర్మ్‌యాక్స్ ఓపెన్ చేసి లైనక్స్ కమాండ్లు నేర్చుకునే వాళ్లున్నారు. ఇంట్లో లాప్‌టాప్ ఉండదు, ఉన్నది ఫోనే. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా వాళ్ల కోసం. ఎందుకంటే ఫోన్‌లో బాగానే నేర్చుకుంటారు, రేపు కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చోగానే చెయ్యి అలవాటుగా కంట్రోల్ ఎస్ కొడుతది. అంతే, స్క్రీన్ కదలదు. సిస్టమ్ హ్యాంగ్ అయిందనుకొని కోపంగా నాలుగుసార్లు ఎంటర్ కొట్టి, చివరికి విండో మూసేస్తరు. పరీక్ష టైములో ఇట్లా ఐతే మార్కులు పోతయ్.

అసలు అక్కడ ఏమీ హ్యాంగ్ కాలేదు. ఏం జరిగిందో చూద్దాం.

మిర్యాలగూడలో రైస్ మిల్లుకు వడ్ల లారీ వస్తే సీదా లోపలి మెషిన్ దగ్గరికి పోదు కదా? ముందు గేటు, తూకం, ఆ తర్వాతే లోపలికి. టెర్మినల్‌లో మీరు కొట్టే కీ కూడా అంతే. ప్రోగ్రాం కంటే ముందు గేటు దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటది. కొన్ని కీలను అది అక్కడే పట్టుకుంటది. కంట్రోల్ సి కొడితే నడుస్తున్న ప్రోగ్రాంని ఆపేస్తది. కంట్రోల్ జడ్ కొడితే ప్రోగ్రాంని పక్కన కూర్చోబెడుతది. మనమేమో అన్‌డూ అనుకుంటం! ప్రోగ్రాం పోయిందని భయపడకండి, ఎఫ్ జి అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి, తిరిగి వస్తది.

కంట్రోల్ ఎస్ కథ ఇంకా పాతది. స్క్రీన్లు లేని కాలంలో టెలిటైప్ మెషిన్లు కాగితం మీద అచ్చు కొట్టేవి. వాటికి "కొంచెం ఆగు" అని చెప్పడానికి కంట్రోల్ ఎస్, "ఇక కానివ్వు" అని చెప్పడానికి కంట్రోల్ క్యూ. ఆ అలవాటు ఇప్పటికీ లైనక్స్‌లో ఉన్నది. కాబట్టి స్క్రీన్ ఆగిపోతే కంట్రోల్ క్యూ కొట్టండి చాలు. ఒక జాగ్రత్త: స్క్రీన్ ఆగినప్పుడు మీరు కొట్టినవన్నీ లోపలికి పోతూనే ఉంటయ్, కనబడవు అంతే. కోపంగా కొట్టిన ఎంటర్లు కూడా పనిచేస్తయ్.

ఫోన్‌లో ఇది ఎందుకు రాలేదు? టెర్మ్‌యాక్స్ తయారు చేసిన వాళ్లు ఆ పాత అలవాటును ముందే తీసేసిన్రు. ల్యాబ్ కంప్యూటర్‌లో మీరే తీసెయ్యాలంటే ఎస్ టి టి వై, స్పేస్, మైనస్ ఐ ఎక్స్ ఓ ఎన్ అని కొట్టండి. ఎప్పటికీ ఉండాలంటే డాట్ బ్యాష్ ఆర్ సి ఫైల్‌లో అదే లైన్ రాసి పెట్టండి.

ఇప్పుడు గేటు దాటి లోపలికి పోదాం. బ్యాష్‌లో మీ లైన్‌ని దిద్దే పని రీడ్‌లైన్ అనే లైబ్రరీది. మొదట రాసింది బ్రయన్ ఫాక్స్, తర్వాత చాలా ఏళ్లుగా చూసుకుంటున్నది చెట్ రేమీ. దీని షార్ట్‌కట్లు ఈమాక్స్ ఎడిటర్‌వి. కంట్రోల్ ఏ లైన్ మొదటికి, కంట్రోల్ ఈ చివరికి. కంట్రోల్ డబ్ల్యూ వెనక మాటను తుడిచేస్తది, కంట్రోల్ వై దాన్ని తిరిగి పెడుతది. కంట్రోల్ ఆర్ పాత కమాండ్లు వెతుకుతది. ఫోన్‌లో వేలితో కర్సర్ జరపడం ఎంత కష్టమో మీకు తెలుసు. వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకొని ఏ నొక్కండి, టెర్మ్‌యాక్స్‌లో అదే కంట్రోల్ ఏ.

బ్రౌజర్‌లో నడిచే టెర్మినల్‌లో మాత్రం కంట్రోల్ డబ్ల్యూ కొట్టకండి, ట్యాబే మూసుకుపోతది. అక్కడ ఎస్కేప్ నొక్కి వదిలి బ్యాక్‌స్పేస్ కొట్టండి, మాట పోతది.

వీఐ ఎడిటర్ అలవాటున్నోళ్లు హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఇన్‌పుట్ ఆర్ సి అనే ఫైల్ చేసి, సెట్, స్పేస్, ఎడిటింగ్ హైఫన్ మోడ్, స్పేస్, వి ఐ అని ఒక్క లైన్ రాయండి. కొత్త టెర్మినల్ తెరవండి. బ్యాష్‌లోనే కాదు, రీడ్‌లైన్ వాడే జి డి బి లాంటి వాటిలో కూడా ఆ షార్ట్‌కట్లు వస్తయ్. జడ్ షెల్‌కు మాత్రం సొంత ఏర్పాటు ఉన్నది, ఈ ఫైల్‌ని చూడదు. పైథాన్ కూడా 3.13 నుంచి సొంత ఎడిటర్ పెట్టుకున్నది.

మరి బాణం గుర్తు కొడితే పిచ్చి అక్షరాలు పడే ప్రోగ్రాంలు? లైనక్స్ మీద ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో ఇది బాగా కనబడతది. బాణం కీ అంటే టెర్మినల్‌కు ఒక కీ కాదు, ఎస్కేప్, స్క్వేర్ బ్రాకెట్, ఒక అక్షరం, మొత్తం మూడు. లోపల రీడ్‌లైన్ లేకపోతే వాటిని అర్థం చేసుకునేటోళ్లు లేక అట్లనే స్క్రీన్ మీద పడతయ్. దీనికి ఆర్ ఎల్ వ్రాప్ అనే చిన్న ప్రోగ్రాం ఉన్నది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, ఆ ప్రోగ్రాం పేరు ముందు ఆర్ ఎల్ వ్రాప్ అని రాసి నడపండి. బాణాలు, పాత కమాండ్లు అన్నీ పనిచేస్తయ్.

కొన్ని మాత్రం కుదరవు. కంట్రోల్ ఏ అంటే టెర్మినల్‌కు పోయేది 1 అనే నంబర్, బి అంటే 2, జడ్ అంటే 26. ఆ లెక్కన కంట్రోల్ ఐ 9 ఐతది, ట్యాబ్ కూడా 9. మామూలు టెర్మినల్‌లో ఈ రెండింటికీ తేడా తెలవదు. కాబట్టి కంట్రోల్ ఐకి వేరే పని పెట్టాలని గంటలు వేస్ట్ చేయకండి.

షార్ట్‌కట్ పనిచేయకపోతే ఒకటే అడగండి: ఈ కీని ముందు ఎవరు పట్టుకుంటున్నారు? బ్రౌజరా, గేటు దగ్గర సిస్టమా, రీడ్‌లైనా, ప్రోగ్రామా? అది తెలిస్తే ఎక్కడ సరిచేయాలో తెలిసిపోతది.

ఈ రాత్రికి చిన్న పని. సి ఏ టి, క్యాట్ అని కొట్టి ఎంటర్ చేయండి. ఇప్పుడు నాలుగు బాణాలు ఒక్కోటి నొక్కి స్క్రీన్ మీద ఏం పడుతున్నదో చూడండి. చూసినంక కంట్రోల్ సి కొట్టి బయటికి రండి. ఉంటా మరి.