టిప్పు ఇచ్చే ముందు లెక్క చూద్దాం
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పొదుపు గురించి మాట్లాడమన్నారు. పొదుపు గురించి చెప్పేవాళ్ళు మీకు ఇంట్లోనే చాలామంది ఉంటారు కనుక వేరే విషయం ఎంచుకున్నాను. మన ఇళ్ళకు భోజనం తెచ్చిచ్చే కుర్రవాళ్ళ గురించి, వాళ్ళకు మనమిచ్చే టిప్పు గురించి నాలుగు మాటలు చెబుతాను. ఇదేం విషయమని నవ్వకండి. ఈ హాలులో కూర్చున్న పిల్లల్లో కొందరు సాయంత్రాలు ఆ ఎర్ర చొక్కానో నారింజ చొక్కానో తొడుక్కుని బండి మీద తిరుగుతున్నారని నాకు తెలుసు. పేర్లు చెప్పను. దాచుకోవలసిన పని కూడా కాదది.

ఈ వ్యాపారం మన కళ్ళ ముందే పెరిగింది. జొమాటో 2008లో ఢిల్లీలో వేరే పేరుతో, హోటళ్ళ మెనూలు చూపించే వెబ్‌సైటుగా మొదలైంది. స్విగ్గీ 2014లో ఇక్కడే, మన బెంగళూరులోనే పుట్టింది. దాన్ని స్థాపించినవారిలో శ్రీహర్ష మాజేటి మన తెలుగువారే. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21 నాటికే దేశంలో ఇటువంటి పనులు చేసేవారు 77 లక్షల మంది. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా వేశారు.

మా ఇంట్లో టిప్పు మీద రెండు పక్షాలున్నాయి. మా ఆవిడ పది, ఇరవై చేతికివ్వాలంటుంది. మా అబ్బాయి యాప్‌లోనే మీట నొక్కితే చాలంటాడు. ఒకసారి ఇడ్లీలు తెచ్చిన అబ్బాయి తెలుగులో మాట్లాడాడు, మదనపల్లె వైపు వాడట. అతన్నే అడిగాను. "యాప్‌లో వేసినా వస్తుంది సార్, కానీ వారం లెక్కలో కలిసి వస్తుంది. చేతికిస్తే ఈ పొద్దు పెట్రోలుకి అవుతుంది" అన్నాడు. ఆ విషయంలో మా ఆవిడే గెలిచింది.

మా చిన్నప్పుడు పోస్ట్‌మన్‌కు దసరా మామూలు ఇచ్చేవాళ్ళం. ఆయనకు మామూలు ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటో తారీఖున జీతం వచ్చేది, తరువాత పింఛను వచ్చేది. మన మామూలు ఆయనకు పండుగ సంతోషం, అంతే. ఈ కుర్రవాడి సంగతి అది కాదు.

ఇప్పుడు అంకెలకు వద్దాం. 2026 జనవరిలో అప్పటి జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ తమ లెక్కలు కొన్ని బయటపెట్టారు. 2025లో డెలివరీ చేసేవారికి టిప్పు కాక గంటకు సగటున 102 రూపాయలు వచ్చిందట. రోజుకు 10 గంటల చొప్పున నెలకు 26 రోజులు పనిచేస్తే సుమారు 26,500. పెట్రోలు, మరమ్మతులకు 20 శాతం తీస్తే చేతికి 21,000 చిల్లర. టిప్పు ఎంత అనుకున్నారు? గంటకు 2 రూపాయల 60 పైసలు! వంద ఆర్డర్లలో ఐదింటికే టిప్పు వస్తుందట. కంపెనీ దానిలో ఏమీ పట్టుకోదని కూడా చెప్పారు, మంచిదే. కానీ 260 గంటలకు గుణించి చూడండి, నెలంతా కష్టపడితే టిప్పు 676 రూపాయలు. ఒక టైరు కూడా రాదు.

కాబట్టి "వాళ్ళకు టిప్పులతోనే బాగా గిడుతుంది" అనేవారి మాట నమ్మకండి. అలాగే బిల్లులో కనిపించే డెలివరీ ఛార్జీ అంతా ఆ అబ్బాయికి పోతుందని కూడా అనుకోకండి. అతనికిచ్చేది దూరాన్ని బట్టి, వేళను బట్టి కంపెనీ వేరుగా లెక్క కడుతుంది. నెలవారీ సభ్యత్వం ఉండి మీ బిల్లులో డెలివరీ ఛార్జీ సున్నా అయినా అతనికి రావలసింది వస్తుంది. ప్లాట్‌ఫాం ఫీజు అని 2023 నుంచి వేస్తున్నది కంపెనీ ఖాతాలోకి.

గంటకు 102 అంటే నిమిషానికి రూపాయి 70 పైసలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, నాకు టిప్పు కన్నా ఇదే ముఖ్యంగా తోచింది. మీరు అపార్ట్‌మెంటు గేటు దగ్గర అతన్ని 10 నిమిషాలు నిలబెడితే 17 రూపాయలు పోగొట్టినట్టు. తరువాత 20 రూపాయలు టిప్పు ఇస్తే మీరిచ్చింది 3 రూపాయలు. చిరునామా సరిగా పెట్టకపోవడం, ఫోను మోగితే తీయకపోవడం, మన సొంత లిఫ్టు ఎక్కవద్దని మెట్లెక్కించడం, ఇవన్నీ అతని జేబులోంచి తీసుకోవడమే. కొన్ని అపార్ట్‌మెంట్లలో సంఘం వారు లిఫ్టు దగ్గర బోర్డు కూడా పెట్టారు. అందులో మన తెలుగు సంఘాల్లో పెద్దలుగా ఉన్నవారు కూడా ఉన్నారని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. కిందటేడు మన ట్రస్టుకు దరఖాస్తు పెట్టిన ఒక అబ్బాయి తండ్రి నా దగ్గరకు వచ్చాడు. కొడుకు బీకాం రెండో సంవత్సరం. "అన్నా, వాడికి నెలకు 22 వేలు వస్తున్నాయి. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి పోయినా మొదట 18 వేలే అంటున్నారు. ఇంకెందుకు చదువు?" అన్నాడు. తీసిపారేయవలసిన ప్రశ్న కాదది. ఇంటి అద్దె కట్టేవాడి ప్రశ్న.

అబ్బాయిని పిలిచి, ఫోనులోని వివరాలు చూసి కాగితం మీద వేశాం. నెలకు వచ్చింది 22,400. పెట్రోలు 4,100. సర్వీసు, ఆయిలు, బ్రేకులు కలిపి 700. ఫోను రీఛార్జి 350. బండికి బ్యాంకు వాయిదా 3,200. కామర్స్ పిల్లలు ఇక్కడ నన్ను పట్టుకుంటారు, వాయిదాలో అసలు భాగం ఖర్చు ఎలా అవుతుందని. నిజమే, కాదు. అందుకని వాయిదా తీసేసి, బండి తరుగుదల నెలకు 1,700 వేశాం. నెలకు 1,800 కిలోమీటర్లు తిరిగే బండికి అది ఎక్కువేమీ కాదు. మిగిలింది 15,550. పెట్రోలు, మరమ్మతులు కంపెనీవారు చెప్పినట్టు 20 శాతం దగ్గరే ఉన్నాయి, కానీ తరుగుదల వారి లెక్కలో లేదు. తరుగుదల ఎవరూ మీ చేతిలోంచి నెలనెలా తీసుకోరు. బండి పాడైన రోజున ఒక్కసారి అడుగుతుంది.

ఆ 18 వేల ఉద్యోగంలో యజమాని వేసే 12 శాతం పీఎఫ్ ఉంటుంది, జీతం పోని సెలవు ఉంటుంది, బ్యాంకులో అప్పుకు పోతే చూపించడానికి జీతం చీటీ ఉంటుంది. నేను కౌంటరు అవతల కూర్చుని చూశాను, ఆ చీటీ లేక ఎంతమంది వెనక్కి వెళ్ళారో. పైగా ఆ 22,400 సంపాదించడానికి అబ్బాయి నెలకు సుమారు 220 గంటలు రోడ్డు మీద ఉన్నాడు. అందులో కాలేజీ ఎక్కడ పడుతుంది? గోయల్‌గారు చెప్పిన ఇంకో అంకె కూడా తండ్రికి చూపించాను. 2025లో ఒక మనిషి సగటున పనిచేసింది 38 రోజులే, ఏడాదిలో 250 రోజులు దాటినవారు నూటికి 2.3 మంది. అంటే ఎక్కువమంది దీన్ని అవసరానికి పట్టుకుని వదిలేసే పనిగానే చూస్తున్నారు.

ఆ అబ్బాయి ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నాడు. శని, ఆదివారాలు మాత్రం బండి తీస్తాడు. తండ్రికి ఇంకా పూర్తిగా మనసొప్పలేదు, ఇంట్లోకి వచ్చే డబ్బు సగానికి పైగా తగ్గింది మరి. మన ఉపకార వేతనం కాలేజీ ఫీజుకు సరిపోతోంది గాని ఇంటి ఖర్చుకు ఒక్క పైసా ఇవ్వదు. ఇటువంటి పిల్లలకు పరీక్షల ముందు రెండు నెలలైనా కొంత భత్యం ఇవ్వగలమేమో కార్యవర్గం ఆలోచించాలని ఈ వేదిక మీదనే కోరుతున్నాను.

బండి మీద తిరిగే పిల్లలకు తెలియవలసిన చట్టాలు రెండున్నాయి. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. కంపెనీలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి ఇవ్వాలని అందులో ఉంది. మన కర్ణాటక 2025లో సొంత చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి ఆర్డరుకు కార్మికుడికిచ్చే మొత్తం మీద 1 నుంచి 5 శాతం వరకు కంపెనీ సంక్షేమ రుసుము కట్టాలి. 14 రోజుల ముందు కారణం రాసి చెప్పకుండా పనిలోంచి తీసేయడానికి లేదు. ఇవన్నీ మీకు అందాలంటే మీ పేరు నమోదై ఉండాలి. కేంద్రం వారి ఈ-శ్రమ్ నమోదుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

భోజనాల తరువాత సాయంత్రం నాలుగు గంటల దాకా ఆ కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. నమోదు చేసుకోదలచిన పిల్లలు ఆధార్ కార్డు, దానికి కలిపిన నంబరున్న ఫోను తీసుకురండి. లెక్క వేసుకోవాలనుకునే తల్లిదండ్రులు కూడా రావచ్చు, కాగితాలు నా దగ్గర ఉన్నాయి.