ఏకచక్రపురానికి రెండు దారులు

మన బోధన్ పట్టణమే ఒకప్పటి ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని పెద్దలు చెబుతారు. ఆ కథను వీడియో గేమ్‌గా మలచాలంటే రెండు దారులున్నాయి.

మొదటిది నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చే రైలు పట్టాల లాంటి దారి. ఆశ్రయమిచ్చిన ఇంటివారి ఏడుపు, భీముడి తల్లి కుంతి మాట, బకాసురుడికి పంపే అన్నం బండి, ఆపైన పోరు. ఈ వరుస మారదు, ఉత్కంఠ సడలదు. పుణెలో తయారై 2020లో వచ్చిన ‘రాజీ’ ఇలాంటిదే. అందులో ఒక అక్క తమ్ముడి కోసం అసురులతో పోరాడుతూ ముందుకు సాగుతుంది.

రెండోది చెరకు తోటల నడుమ బండ్ల బాటల లాంటిది. ఎటు తిరగాలో ఆటగాడి ఇష్టం. 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’ అలాంటి విశాల లోకం. కానీ మన కథను అలా మలిస్తే, ఆటగాడు ఊళ్లన్నీ తిరిగేంతసేపూ బకాసురుడు ఆకలితో ఎదురుచూస్తూనే ఉంటాడు, కథలో తొందర తగ్గుతుంది. 2015లో వచ్చిన ‘ది విచర్ 3’ దారిలో తగిలే చిన్న ఊరి బాధకు కూడా మొదలు, ముగింపు ఇచ్చి ఆ లోటును చాలావరకు పూడ్చింది.

పట్టాలు కథను బిగిస్తాయి, బాటలు లోకాన్ని చూపిస్తాయి. ఏ దారి గేమైనా పిల్లలు ఆడి లేచాక, “కథ ఎందాక వచ్చింది?” అని ప్రేమగా అడగండి. వాళ్లు మీకు కథ చెప్పడం మొదలుపెడతారు.