లాభం ఎవరికి, నష్టం ఎవరికి?



మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి కూలి పనికి జంషెడ్‌పూర్ వచ్చాడు. నాన్న కాంట్రాక్టు కార్మికుడు. ఈ బిర్సానగర్ నుంచే నేను ఎంబీయే చదవడానికి వెళ్లాను.

రూపాయి విలువ పడిపోతే ఎవరికి లాభమని ఒకరోజు క్లాసులో అడిగారు. ఎగుమతిదారులకని అందరూ చెప్పారు. మరి నష్టం ఎవరికని నేనడిగాను. ఎవరూ పలకలేదు. జవాబు లైబ్రరీలో దొరికింది, బాబాసాహెబ్ 1923లో లండన్‌లో ప్రచురించిన 'రూపాయి సమస్య'లో. రూపాయి పడితే ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనకబడుతుంది, ఆ భారం కూలివాడి మీదే పడుతుందని ఆయన వాదన. నూనె ధర పెరిగిన నెల అమ్మ కూరలో నూనె తగ్గించేది. నాన్న కూలి మాత్రం పెరిగేది కాదు. అమ్మ సర్దుబాటుకు అర్థశాస్త్రంలో లెక్క ఉందని ఆ రోజు తెలిసింది.

వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తూ 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే బిల్లు తెచ్చిందీ ఆయనే. లెక్క తెలిసినవాడు కాబట్టే కార్మికుడి పక్షాన చట్టం తేగలిగాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వ్యాపార చదువులు మనవి కావంటే నమ్మకండి. బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకోండి. ఎక్కడ లాభం కనబడినా, అది ఎవరి జేబులోంచి వచ్చిందో అడగండి.

జై భీమ్.