తలనొప్పికి ముందు వచ్చే మెరుపులు గంట దాటితే



మీ ఇంట్లో పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్ ఉన్నవారిని మీరు చూసే ఉంటారు. కొందరికి తలనొప్పికి ముందే కళ్ల ఎదుట రంపపు పళ్లలాంటి వెలుగులు కదులుతాయి. చూపులో ఒక పక్క మసకబారుతుంది. వేళ్లలో పుట్టిన తిమ్మిరి మెల్లగా పెదవుల దాకా పాకుతుంది. మాట తడబడుతుంది. దీనిని ‘ఆరా’ అంటారు. ఒక్కొక్క లక్షణం సాధారణంగా 5 నుండి 60 నిమిషాలు ఉండి పోతుంది.

గంట దాటినా పోకపోతే? ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి బయలుదేరండి. దిష్టి తీయడం తర్వాత చూసుకోవచ్చు! పక్షవాతం కూడా ఇలాగే కనిపించవచ్చు. ఆరా మెల్లగా పాకుతుంది, పక్షవాతం ఒక్కసారిగా వస్తుంది. అయినా ఆ తేడా ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోనే ఇస్తారు. ఒక పక్క చేయి, కాలు పడిపోయినా, లక్షణాలు ఒక్కసారిగా వచ్చినా, ఇవి జీవితంలో మొదటిసారి వచ్చినా గంట కూడా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈలోగా మెడికల్ షాపు నుండి ఎర్గోటమైన్ మాత్ర తెచ్చి వేయకండి. ట్రిప్టాన్ మాత్ర కూడా వద్దు. అవి తలనొప్పికి మందులే గాని ఆరాను ఆపవు. పైగా రక్తనాళాలను బిగిస్తాయి.

పక్షవాతం కాదని స్కానింగులో తేలాక డాక్టరుగారు మందు ఎంచుకుంటారు. ఇదే ఖాయంగా పనిచేస్తుందని చెప్పగల మందు ఇంతవరకు లేదు. కొద్దిమంది రోగులలో మేలు చేసినవాటినే వాడి చూస్తారు. అందుకే మందు మార్చినప్పుడు కంగారుపడకండి.

మెగ్నీషియం సల్ఫేటును నరానికి ఎక్కిస్తారు. గర్భిణీలకు గుర్రపువాతంలో ఇచ్చే మందే ఇది. ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది. మేము మాటిమాటికీ వచ్చి శ్వాస చూసి, మోకాలిపై తట్టేది ఇందుకే. మూత్రపిండాల జబ్బుంటే ముందే చెప్పాలి.

వాల్‌ప్రోయేట్ మూర్ఛకు వాడే మందు. కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. కోడలికి నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా సిగ్గుపడక చెప్పండి. లామోట్రిజిన్ కూడా మూర్ఛ మందే. ఆరా మళ్లీ మళ్లీ వచ్చేవారికి కొద్ది మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతారు. త్వరగా తగ్గాలని రెండు మాత్రలు వేయకండి. ఒంటిపై దద్దురు వచ్చినా, నోట్లో పుండ్లు లేచినా ఆ రోజే తీసుకురండి. ఎసిటజోలమైడ్ నీటికాసులకు వాడే మాత్ర. దానివల్లే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, అది చూసి ఆరా తిరగబెట్టిందని భయపడేవారున్నారు. సల్ఫా మందులు పడనివారు ముందే చెప్పాలి.

వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుని రండి. అందులో గర్భనిరోధక మాత్రలు కూడా ఉండాలి. ఈస్ట్రోజన్ ఉన్న రకం ఆరా వచ్చే స్త్రీలకు పక్షవాతం ముప్పు పెంచుతుంది. ఆ సంగతి అత్తగారి ముందు చెప్పలేకపోతే నన్ను పక్కకు పిలిచి చెప్పండి.